ఇతరములు

శిక్షణ పేరు ప్రేరణ.
బ్యానరు కట్టించింది నేనే,
ఓ కొసకి తాడు చాలక ఫైలు ట్యాగుతో ముడేసి.
శ్రీకాకుళం, జిల్లా ఆఫీసు మేడమీద హాలు.
నలభై ఎనిమిది మంది ఏఎన్ఎమ్‌లు,
నలభై ఎనిమిది సమోసాలు, ఆపైన మూడు,
ఎవరైనా పెద్దలు దిగబడితే.

విశాఖ నుంచి వచ్చినాయన
తెల్లబోర్డు మీద ముక్కోణం గీసి
అడ్డంగా నాలుగు గీతలు కొట్టాడు.
"అడుగున ఒంటి అవసరాలు. తిండి, నీరు, నిద్ర.
ఆ మీద భద్రత. ఆ మీద నావాళ్లనే మాట.
ఆ మీద మర్యాద. కొసాన,
మనిషి తనను తాను అందుకోవడం.
మీరంతా ఏ మెట్టు మీదున్నారు?"

ఎవరూ పలకలేదు. ఫ్యాను పలికింది.

మూడో వరసలోంచి బమ్మిడి ఢిల్లీశ్వరి,
కవిటి అవతల ఓ సబ్‌సెంటరు,
కొంగు సర్దుకుని లేచింది.
"అడుగు మెట్టుకి కిందన ఇంకోటి గీయడం మర్సిపోయేరండి.
మా సెంటరుకి మరుగుదొడ్డి లేదండి.
పొద్దున్న ఏడుకి ఇంటికాడ గుక్కెడు టీ తాగుతాను,
మరి సీకటి పడేదాక సుక్క నీరు ముట్టను.
జీడితోటలున్నాయి కదా అంటారు.
తోటల్నిండా పిక్కలేరే జనం, కాపలా కుర్రోలు.
యాభైకి దగ్గరపడ్డాను, నాకు సిగ్గుండదేటండి?
గడప గడపకీ ఎల్లి నేను సెప్పేదేటి మరి?
నీళ్లు తాగండమ్మా, బాగా తాగండి, కిడ్నీలు జాగర్త.
ఎండిపోయిన నాలికతో సెప్తానండి."

ఎవరో నవ్వారు. నవ్వు సగంలో ఆగింది.
ఉద్దానపు వాళ్ల నవ్వు అంతే,
మధ్యలో ఎవరిదో డయాలసిస్ వారం గుర్తొస్తుంది.

విశాఖాయన మార్కరు మూత పెట్టాడు, తీశాడు.
"మంచి ఉదాహరణ" అన్నాడు.

ఆ ఉదాహరణ నా బీరువాలో ఉంది.
సి-4 సీటు, మూడో అర, ఆకుపచ్చ అట్ట.
ఒకసారి తిప్పి పంపాను: అంచనా నకలు జతపరచలేదు.
రెండోసారి: అద్దె భవనము గనుక నిబంధనలు ఒప్పవు.
మూడోసారి ఏ కారణమూ దొరక్క
'చర్చించవలెను' అని రాశాను.
ఎవరితోనో రాయలేదు.

నాదీ ఓ ఫైలుంది, ఇంకో ఆఫీసులో, ఇంకొకడి బీరువాలో.
సూపరింటెండెంటు కావలసినవాణ్ని, ఆరేళ్లుగా.
వాడూ నా మీద చర్చించవలెననే రాసి ఉంటాడు.
ఇది సాకు కాదు.
సాకే.

సాయంత్రం అభిప్రాయ పత్రాలు నేనే ఏరాను.
'నేటి శిక్షణలో మీకు బాగా నచ్చిన అంశము?'
ముక్కోణం. ముక్కోణం. సారు మాట తీరు.
ఒకావిడ సమోసా అని రాసి కొట్టేసింది.
ఢిల్లీశ్వరిది ఒకటే మాట, గుండ్రటి అక్షరాలతో:
బాత్రూం.

అప్పుడు తట్టింది నాకు.
మధ్యాహ్నం నుంచి ఆవిడ క్యాను దగ్గర నిలబడి
సీసా నింపుకుంటోంది, తాగుతోంది, మళ్లీ నింపుకుంటోంది.
ఆబగా కాదు. తీరిగ్గా,
వెళ్లడానికి చోటున్న మనిషి తాగినట్టు.
"ట్రైనింగులేస్తే అందుకేనండి ముందొచ్చేస్తాను"
అంది మెట్ల దగ్గర.
కాంప్లెక్సులో సోంపేట బస్సు ఐదూ ఇరవైకి.
దారి పొడుగు తలుచుకుని కాబోలు
చెప్పులు విడిచి మరోసారి లోపలికి వెళ్లొచ్చింది.

రిపోర్టు ఆరులోపు పోవాలి.
చాలా బాగున్నది: నలభై ఒకటి. బాగున్నది: ఆరు.
ఒకటి మిగిలింది.
ఆ ఒక్కదాన్ని వేయడానికి నమూనాలో గడి లేదు.
'ఇతరములు' అని నేనే ఒకటి గీశాను,
స్కేలు కనపడక, కాస్త వంకరగా.

తర్వాత బీరువా తెరిచాను.
ఆకుపచ్చ అట్ట మీద దుమ్ము చేత్తోనే తుడిచాను.
'చర్చించవలెను' కింద
'చర్చించితిని' అని రాసి సంతకం పెట్టాను, తేదీతో.
పై టేబులు మీద, ట్రేలో అన్నిటికన్నా పైన ఉంచాను.

పై టేబులాయన సోమవారం దాకా సెలవు.